కుడివైపు రెల్లు

"మొత్తం మీ చేత్తోనే కుట్టారా?" అని గాయని అడిగేసరికి నా నోట్లో ఏడు గుండుసూదులున్నాయి. ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కోటు అంచు ఎంత మడవాలో చూస్తున్నాను. నోట్లో సూదులున్న మనిషి మాట్లాడలేదు కదా, అందుకని తలూపాను. తర్వాత ఆ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చాను. నోరు ఖాళీ అయింది. ఆమె అద్దంలో చూసుకుంటూ "ఎంత ఓపికండీ బాబూ మీకు!" అంది. నేను నవ్వాను. "సగం మా వదిన కుట్టింది" అనడానికి ఎంతసేపు పడుతుంది? సరిగ్గా అప్పుడే మా వదిన టీ తీసుకొచ్చింది. గాయని కప్పు అందుకుని, ఆవిణ్ని చూసి మర్యాదగా నవ్వి, మళ్లీ నావైపు తిరిగి చేతుల పొడవు గురించి మాట్లాడింది. ఈవిడ ఫలానా అని నేను పరిచయం చెయ్యలేదు. వదిన ట్రే పట్టుకుని కాసేపు నిలబడి, కోటు వంక ఒకసారి చూసి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆ కోటు నా చేతికి వచ్చిన పనుల్లో అన్నిటికంటే పెద్దది. గాయని మొదటిరోజే చెప్పింది: "నేను స్టేజీ మీద గెంతే మనిషిని కాదు. రెండు గంటలు ఒక్కచోటే నిలబడి పాడతాను. కదిలే పనేదో నా బట్టల్ని చెయ్యమనండి." ఆ మాట నాకెంత నచ్చిందంటే వారం రోజులు వేరే ఆలోచన లేదు. చీలమండల దాకా వచ్చే ముదురు నీలం పట్టు కోటు. దాని మీద వెండిరంగు పట్టుదారంతో రెల్లు. అంచు దగ్గర గుబురుగా మొదలై, నడుము దగ్గర పల్చబడి, భుజాల దాకా లేచి, రెండు వైపుల నుంచీ గాలి వీస్తున్నట్టు మధ్యకు వంగాలి. ఒక సగం కాగితం మీద గీశాను. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, సుద్దపొడి రుద్దాను. తర్వాత అదే కాగితాన్ని తిరగేసి రెండో సగం దించాను. అలా తిరగేస్తున్నప్పుడే నాకా తెలివి పుట్టింది. మా వదినది పుర్రచెయ్యి. నా కుట్టు ఎటు వాలుతుందో ఆవిడ కుట్టు దానికి ఎదురు వాలుతుంది. కుడి సగం నేను, ఎడమ సగం ఆవిడ కుడితే అద్దంలో చూసినట్టు కుదురుతుంది. పైగా పని సగం రోజుల్లో అయిపోతుంది. రెండో కారణమే నిజానికి మొదటిది.

వదిన అంటే మా ఆయన అక్క. నేను కాపురానికి వచ్చిన ఏడే ఆవిడ కాపురం వదిలేసి ఒక్క సూట్‌కేసుతో వచ్చింది. ఎందుకని ఎవరూ గట్టిగా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. వచ్చిన మర్నాడే వంటగదిలోకి నడిచింది. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ వద్దనలేదు. వద్దనని వాళ్లలో నేనూ ఉన్నాను. ఎనిమిదేళ్లయింది. చిన్నప్పుడు ఆవిడ పలక మీద ఎడమచేత్తో రాస్తోందని బడిలో ఆ చేతిని రిబ్బనుతో బల్లకు కట్టేశారట. ఇంట్లో మా అత్తగారు "ఆ చేత్తో ముట్టుకున్న పని బాగుపడదే" అనేవారట. మా అత్తగారు ఇప్పుడు లేరు గానీ ఆ మాట ఉంది. వదిన కుడిచేత్తోనే రాస్తుంది, కుడిచేత్తోనే గరిటె తిప్పుతుంది, ఎవరికేది ఇచ్చినా కుడిచేత్తోనే ఇస్తుంది. ఒక్క సూది మాత్రం ఎడమచేత్తో పడుతుంది. ఎందుకంటే కుట్టు ఆవిడకు ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నాలు తలుపు మూసుకుని తనంతట తనే నేర్చుకుంది. చేతి మీద కొట్టేవాళ్లు ఆ గదిలో లేరు.

ఇదంతా ఆవిడ నాకు మగ్గం దగ్గర చెప్పింది. గుడ్డను నాలుగువైపులా బిగించి కట్టే చెక్క చట్రాన్ని మేం మగ్గమంటాం. దానికి అటు ఆవిడ, ఇటు నేను కూర్చునేవాళ్లం. నా గోడంతా ఆవిడ దగ్గరే వెళ్లబోసుకునేదాన్ని. పెళ్లికి ముందు బట్టల షాపులో ఆరేళ్లు పనిచేశాను. నేను గీసిన డిజైన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఓనరు "ఆలోచన మాదండీ, చెయ్యి మాత్రం ఈ అమ్మాయిది" అనేవాడు. ఒళ్లు మండి మానేశాను. ఇంట్లో మొదలుపెట్టాక మా ఆయన స్నేహితులొస్తే "మా ఆవిడకు పొద్దుపోక ఏవో కుడుతూ ఉంటుందిరా" అనేవాడు. నడుం నొప్పని పడుకుంటే "నీకేం, కూర్చుని చేసే పనేగా" అన్నాడొకసారి. ఆ రోజు ఎంత ఏడ్చానో! వదిన సూది పక్కన గుచ్చి వచ్చి నా వీపు నిమిరింది. "మగాళ్లకి కూర్చున్నది కనిపిస్తుంది గానీ, చేతులు కనపడవే" అంది. నేను ముక్కు చీదుకుని, కడుపు నిండా ఆవిడ వండింది తిని, మళ్లీ కుట్టడానికి కూర్చున్నాను. ఆవిడ మాత్రం గిన్నెలు తోమి, వంటగట్టు తుడిచి, అప్పుడు వచ్చి సూది పట్టుకుంది.

అప్పటిదాకా ఆవిడకు ఆకులు, అంచులు, నింపుడు పని ఇచ్చేదాన్ని. కంటికి ముందు కనిపించేవి నేను కుట్టేదాన్ని. ఎవరైనా అడిగితే "వదిన దారాలందిస్తుంటుంది, తోడుగా" అనేదాన్ని. ఆవిడ విన్నా ఏమనుకునేది కాదు. ఏమనుకోదని నేననుకునేదాన్ని. కోటు సగం ఇచ్చినప్పుడు మాత్రం ఆవిడ గుడ్డ మీద అరచెయ్యి ఆనించి, "ఇంత పనీ నాకా? తర్వాత పుర్రచేతిదానికి ఇచ్చానని ఏడవకు సుమా!" అని నవ్వింది. నలభై మధ్యాహ్నాలు కుట్టాం. పూర్తయ్యాక గదిలో ట్యూబులైటు కింద రెండు సగాలూ పక్కపక్కన పరిచి చూస్తే ఎవరి సగమేదో నాకే తెలియలేదు.

ప్రదర్శన ఆరు రోజులుందనగా పొద్దున్నే హాల్లో రిహార్సల్. పట్టు నలిగితే ఇస్త్రీ చెయ్యడానికి వదినను కూడా తీసుకెళ్లాను. స్టేజీ అనేదాన్ని అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. నేల మీద టేపుతో అతికించిన వైర్లను తొక్కకుండా చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేసింది. గాయనికి కోటు తొడిగాం. మెడ దగ్గర హుక్కు వదినే పెట్టింది. ఆమె స్టేజీ మధ్యకు వెళ్లింది. మేమిద్దరం పక్కతెర వెనక నిలబడ్డాం. అక్కడి నుంచి మాకు ఆమె వీపు, ఒక మోచెయ్యి తప్ప ఏమీ కనపడటంలేదు. హాలు లైట్లన్నీ ఆర్పేసి స్టేజీ లైట్లు వేశారు. ఎక్కడో వెనక నుంచి లైట్లతను మైకులో అన్నాడు: "మేడమ్, డ్రెస్సు ఒకవైపు వెలగట్లేదండీ. రెండోవైపు అదిరిపోతోంది. ఒకవైపు మాత్రం మసిగుడ్డలా ఉంది."

గాయని తెరవైపు తిరిగి, "ఏమైందండీ?" అంది.

ఏ వైపని అడగాలి. ఎవరైనా ముందు అదే అడుగుతారు. నాలుగడుగులు వేసి మెట్లు దిగితే కళ్లతో చూడొచ్చు కూడా. నేను అడగలేదు, చూడలేదు. నోట్లో సూదులు కూడా లేవు. "అది నేను కుట్టింది కాదండీ" అన్నాను. గట్టిగానే అన్నాను, వెనకున్న లైట్లతనికి కూడా వినపడాలని. "ఇంట్లో సహాయానికి ఒకావిడ ఉంది. ఆవిడది పుర్రచెయ్యి. ఆ వైపు విప్పేసి నేనే కుడతాను, మీరు కంగారు పడకండి."

వదిన నా పక్కనే ఉంది. కోటు ఖాళీ కవరు రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. నేను ఆవిడ మొహం చూడలేదు. చూడకుండా ఉండటానికే గబగబా మెట్లు దిగి హాల్లోకి వెళ్లాను. వెనక్కి తిరిగి స్టేజీ చూశాను.

వెలగనిది కుడివైపు. నా వైపు.

ఎడమవైపు రెల్లు మీద వెలుగు కింద నుంచి పైకి పాకుతోంది. గాయని ఊపిరి తీసుకున్నప్పుడల్లా వెండి కాడలన్నీ ఒక్కసారి వంగి లేస్తున్నాయి. ఆమె నిలబడే ఉంది, రెల్లు కదులుతోంది. నేను వారం రోజులు కలగన్నది అదే. నా వైపు మాత్రం తాళ్లు అతికించినట్టుంది. చూస్తూనే అర్థమైంది. దారానికి పురి ఉంటుంది. నేను కుట్టే వాటంలో కుట్టుకుట్టుకూ ఆ పురి ఇంకా బిగుస్తుంది. ఆవిడ వాటంలో అది వదులవుతుంది. వదులైన పట్టుదారం పరుచుకుని వెలుగును పట్టుకుంటుంది, బిగిసింది వెలుగును తనలోకి రానివ్వదు. గదిలో ట్యూబులైటుకు ఈ తేడా తెలియదు. ఇన్నేళ్లుగా కుడుతున్నదాన్ని, నాకు తెలిసుండాలి. ఏదైనా తప్పు జరిగితే ఆవిడదే అయ్యుంటుందని మాత్రం నాకు ఎంత బాగా తెలుసో!

గాయని స్టేజీ అంచుకు వచ్చి వంగి, మెల్లగా అంది: "చూశారా? ఈ వెలిగే వైపు మీ చెయ్యి ఎంత బాగుందో! ఆ సహాయం చేసినావిడ వైపు విప్పేసి ఇలాగే కుట్టేయండి. పాపం, ఆవిణ్ని ఏమీ అనకండి."

"అననండి" అన్నాను.

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేకపోయాను. చెప్పలేకపోవడం కాదు, చెప్పలేదు. ఇప్పుడైనా సరిగ్గా అనాలి కదా.

బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. కోటు కవరు ఒళ్లో పెట్టుకుంది. తెర వెనక నుంచి ఆవిడేమీ చూడలేదు. నేను అన్నది వింది, గాయని నెమ్మదిగా అన్నది ఆవిడదాకా రాలేదు. రెండు స్టాపులయ్యాక అంది: "నా వల్ల నువ్వు మాట పడ్డావు." ఒళ్లో కవరు మడత సరిచేసింది. "నువ్వు ఇస్తానన్నప్పుడే వద్దనాల్సింది. ఆశపడ్డాను. అమ్మ ఊరికే అనేది కాదు."

వచ్చే స్టాపులో చెప్దామనుకున్నాను. ఆ స్టాపులో ఎవరో పెద్దావిడ ఎక్కింది, లేచి సీటిచ్చాను. తర్వాతి స్టాపులో చెప్దామనుకున్నాను. నిలబడి ఉన్నాను కాబట్టి వంగి చెప్పాలి, నలుగురూ వింటారు. ఇలా కారణాలు వెతకడంలో నా అంత నేర్పరి ఇంకొకరు ఉండరు. పైనుంచి ఆవిడ తల కనిపిస్తోంది. పాపిడి దగ్గర తెల్లబడిన చోట వెండిదారం పోగు ఒకటి అంటుకుని ఉంది. తీద్దామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. ఆవిణ్ని ముట్టుకోవడానికి నాకు ముఖం చెల్లలేదు.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుని వదిన తిన్నగా పనిగదిలోకి వెళ్లింది. కోటు బల్ల మీద పరిచి, కిటికీ దగ్గరికి లాక్కుని, చిన్న కత్తెర తీసుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ముందు గదిలో మా ఆయన సెలవు రోజు కాబట్టి సోఫాలో పడుకుని ఉన్నాడు. లేచొచ్చి నా భుజం మీదుగా తొంగిచూసి, విషయం రెండు ముక్కల్లో విని, గొంతు తగ్గించి అన్నాడు: "అక్కనేమీ అనకు. పాపం, సాయం చేద్దామనే కదా చేసింది. ఇకనుంచి చిన్నచిన్నవి ఇవ్వు, ముఖ్యమైనవి నువ్వు చూసుకో. ఇంట్లో మనిషే, సర్దుకుంటుంది." చెప్పి వెళ్లి మళ్లీ పడుకున్నాడు.

ఇదే మాట నా గురించి అనుంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఇప్పుడు మాత్రం, నిజం చెప్తున్నాను, ముందుగా నాకొచ్చిన ఆలోచన ఏమిటంటే ఇదేదో బాగానే కుదిరింది అని. ఆవిడ తన సగం తనే విప్పేస్తుంది. ఉన్న రోజుల్లో అయినంతవరకు అది నేను కుడతాను. రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. ఒకేలా మసిగా ఉంటాయి. గాయని అడిగితే ఆ దారం మళ్లీ దొరకలేదనొచ్చు. ఆమె కాస్త బాధపడుతుంది, పాటలో పడి మర్చిపోతుంది. వదిన మళ్లీ ఆకులు కుడుతుంది, వంట చేస్తుంది, నా వీపు నిమురుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. నా ఇల్లు, నా పేరు ఎక్కడివక్కడే ఉంటాయి.

కత్తెర చప్పుడైంది. అంచు దగ్గర మొదటి కాడ. కుట్లను వెనక నుంచి ఒక్కొక్కటే తెంచి, పట్టకారుతో పోగులు లాగుతోంది, గుడ్డకు గీత పడకుండా. కుట్టినంత శ్రద్ధగానూ విప్పుతోంది. ఆ కాడ కుట్టడానికి ఆవిడకు ఒక మధ్యాహ్నం పట్టింది. అది కుట్టిన రోజు జ్వరం కూడా ఉంది ఆవిడకు. కాడ మొత్తం ఊడింది. పోగులన్నీ ఉండచుట్టి పక్కన పెట్టి, రెండో కాడ కింద కత్తెర మొన దూర్చింది. ఒక కాడ పూర్తిగా ఊడేదాకా నేను చూస్తూ నిలబడ్డాను. ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ చెప్తున్నాను.

"వదినా, ఆపండి" అన్నాను. "వెలగనిది మీ వైపు కాదు. నాది."

ఆవిడ తలెత్తలేదు. కత్తెర మాత్రం ఆగింది.

"కిందికి దిగి చూశాక తెలిసింది. మీ వైపే వెలిగింది. ఆ గాయని మెచ్చుకుంది కూడా, నాదనుకుని. నేను ఊరుకున్నాను."

వదిన నేను అనుకోని ప్రశ్న అడిగింది. "నాది వెలిగిందా?"

"వెలిగింది."

"ఎలా వెలిగింది?"

చెప్పాను. కింద నుంచి పైకి వెలుగు పాకడం, ఆమె ఊపిరితో కాడలు వంగడం, అన్నీ చెప్పాను. పురి సంగతి కూడా చెప్పాను. వింటూ ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది, అటూ ఇటూ తిప్పి. ఆ చేతిని ఆవిడ అలా చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత విప్పేసిన కాడ ఉన్న చోట వేలు పెట్టి, "మరి అక్కడెందుకు చెప్పలేదే?" అంది.

"భయమేసింది."

"దేనికి?"

ఆవిడ ఆగింది, నేను చెప్పేదాకా కదిలేలా లేదు. "ఇకమీదట వాళ్లు మిమ్మల్నే పిలుస్తారేమోనని" అన్నాను.

వదిన తలూపింది. కోపంగా చూసుంటే బాగుండేది. "అంతమంది ముందు పుర్రచెయ్యి అన్నావు చూడు," అంది మామూలు గొంతుతో, "అది నువ్వు అనకుండా ఉండాల్సింది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను ఆ రిబ్బను సంగతి." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వచ్చి వీపు నిమరలేదు. "ఫోన్ చెయ్యి," అంది. "నా ముందే చెయ్యి."

చేశాను. వెలిగింది మా వదిన కుట్టిన సగమని, మసిగా ఉన్నది నాదని, నేను సహాయానికున్న మనిషన్నది ఆవిణ్నేనని, ఆ రోజు టీ తెచ్చిచ్చింది కూడా ఆవిడేనని చెప్పాను. గాయని "ఆవిడకివ్వండి" అంది. నాతో ఇంకేమీ అనలేదు. వదిన ఫోను అందుకుంది. "అవునండీ... నేనే... పర్లేదండీ... ఆ వైపు కూడా నేనే కుడతాను. ఒక సగానికి నలభై రోజులు పట్టింది, ఐదు రోజుల్లో మొత్తం అవ్వదు. ముందుభాగం వరకు అవుతుంది, మీ వెనకవైపు ఎవరు చూస్తారు? పగలంతా కూర్చుంటే అవుతుంది. కూర్చుంటాను." గాయని ఏమందో గానీ వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు నా కోసం కాదు.

ఫోను నాకిచ్చి, కోటు తిప్పి నా సగం పైకి వచ్చేలా పరిచింది. నేను కత్తెర కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "వద్దు, నువ్వు గుడ్డ చింపుతావు. నేనే విప్పుకుంటాను. నువ్వెళ్లి వంట చూడు. ఇవాళే కాదు, ఈ ఐదు రోజులూ. తర్వాతి సంగతి తర్వాత చెప్తాను." కత్తెర పట్టుకుని కిటికీకేసి తిరిగింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆ పని కూడా ఆవిడ నెత్తినే పెట్టినట్టవుతుంది.

వంటగదిలోకి వెళ్లాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను, కూర తరిగి మూకుట్లో వేశాను. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఉప్పు వేద్దామని చూస్తే ఎక్కడా కనపడలేదు. పైఅరలో ఒకేలాంటి మూతలున్న డబ్బాలు పదిహేను దాకా ఉన్నాయి, వేటి మీదా ఏమీ రాసిలేదు. రాసుకోవాల్సిన అవసరం ఆవిడకు లేదు. "ఏవండీ, ఉప్పు ఎక్కడుంటుంది?" అని కేకేశాను. "నాకేం తెలుసు, అక్కనడుగు" అన్నాడు మా ఆయన సోఫాలోంచి. నోటి దాకా వచ్చింది, ఎనిమిదేళ్లుగా ఆవిడ వండింది తింటున్నారు, ఉప్పెక్కడుందో తెలియదా అని. అనబోయి ఆగిపోయాను. పక్కగదిలోంచి కత్తెర చప్పుడు వినిపిస్తోంది, నా రెల్లు ఒక్కో కాడా ఊడుతోంది. వదినను పిలవలేదు. స్టూలెక్కి, మొదటి డబ్బా మూత తీసి, లోపలున్నది చిటికెడు నాలిక మీద వేసుకుని చూశాను.